ఏడు సీట్ల బండిని దూర ప్రయాణాలకు సిద్ధం చేయడం: బరువు లెక్కలతో ప్రాజెక్టు డైరీ

బండి ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ. లాడర్ ఛాసిస్ (బాడీ కింద నిచ్చెనలా ఉండే విడి ఇనుప చట్రం), వెనక కాయిల్ స్ప్రింగులు. ప్రయాణం చేసేది నలుగురు: ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. చేయాల్సిన పనులు ఇవి: డిక్కీలో డ్రాయరు, పన్నెండు వోల్టుల ఫ్రిజ్, దానికో రెండో బ్యాటరీ, ఆగినప్పుడు నీడకు పందిరి గుడ్డ, చివర్లో వెనక సస్పెన్షన్. ప్రతి దశ చివర అప్పటిదాకా పెరిగిన బరువు రాశాను. ఇలాంటి బండిలో చోటు కంటే ముందు బరువు పరిమితి అయిపోతుంది. చోటు చూసుకుంటూ సామాను బిగించుకుంటూ పోతే ఆ సంగతి చివర్లో గానీ బయటపడదు.

1వ దశ: కాంటా ఎక్కించడం

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు చేయాల్సిన పని ఇదొక్కటే. కంపెనీ బ్రోషర్‌లో రాసే ఖాళీ బండి బరువును నమ్ముకుని లెక్క వేయకూడదు. కొన్ని దేశాల్లో ఆ అంకెలో డ్రైవర్ బరువు 75 కిలోలు, 90 శాతం ఇంధనం కలిసి ఉంటాయి. కొన్నిచోట్ల డ్రైవర్ ఉండడు. పైగా టాప్ మోడల్లో వచ్చే సన్‌రూఫ్, పెద్ద చక్రాల బరువు అందులో ఉందో లేదో తెలియదు.

1. ట్యాంకు నిండా ఇంధనం పోయాలి. మనుషులు, సామాను ఉండకూడదు.
2. లారీలు తూచే వేబ్రిడ్జి మీద మొత్తం బండి తూకం వేయించాలి.
3. ముందు చక్రాలు మాత్రమే కాంటా మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకోసారి తూకం తీయాలి.
4. డ్రైవర్ వైపు డోర్ పిల్లర్ మీద ఉన్న స్టిక్కరును ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. గరిష్ఠ బరువు, ఒక్కో యాక్సిల్ (ఇరుసు) పరిమితి, టైరు ప్రెషర్ దాని మీదే ఉంటాయి.

మా బండి తూకం: మొత్తం 2,310 కిలోలు, ముందు 1,190, వెనక 1,120. స్టిక్కరు మీద గరిష్ఠం 2,900, ముందు యాక్సిల్ 1,350, వెనక యాక్సిల్ 1,700. రెండు యాక్సిళ్ల పరిమితులు కలిపితే 3,050 వస్తుంది కదా అని అంత ఎక్కించకూడదు. మూడు పరిమితుల్లో ఏ ఒక్కటీ దాటకూడదు.

మిగిలింది 590 కిలోలు. నలుగురు మనుషులు 230. బట్టల బ్యాగులు 60, నీళ్లు 40, ఫ్రిజ్ లోపలి సామాను 20, జాకీ కాకుండా పనిముట్లు, తాళ్లు, కంప్రెసర్ కలిపి 30. ఇవి పోగా 210 మిగిలాయి. అందులో కనీసం 100 ఎప్పుడూ ఖాళీగా ఉండాలనుకున్నాం. దారిలో ఏదో ఒకటి కొంటారు, ఎవరో ఒకరు ఎక్కుతారు. అంటే బండికి బిగించేవన్నీ కలిపి 110 కిలోలు దాటకూడదు.

మూడో వరస సీట్లు తీసేశాం. ఒక్కోటి 23 కిలోలు తూగింది. సీట్ల సంఖ్య మారితే రిజిస్ట్రేషన్ పత్రాల్లో మార్పు అవసరమా, బీమాకు ఇబ్బందా అనేది తీసేముందే కనుక్కోవాలి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది భద్రతా ఎయిర్‌బ్యాగు వ్యవస్థకు సంబంధించినది. బ్యాటరీ తీసి పక్కన పెట్టకుండా దాన్ని ముట్టుకోవద్దు.

ఇప్పటిదాకా: −46 కిలోలు.

2వ దశ: డ్రాయరు

డిక్కీలో చక్రాల ఉబ్బుల మధ్య వెడల్పు 1,100 మి.మీ., రెండో వరస సీటు వెనక నుంచి డోరు దాకా 1,050 మి.మీ. ఎడమ సగంలో డ్రాయరు, కుడి సగంలో జరిగే ట్రే మీద ఫ్రిజ్.

మొదటి పెట్టె 18 మి.మీ. ప్లైవుడ్‌తో కట్టాం. రాయిలా నిలబడింది, కానీ చెక్క ఒక్కటే 39 కిలోలు తూగింది. ఈ లెక్క కోయకముందే వేసుకోవచ్చు. బర్చ్ ప్లైవుడ్ చదరపు మీటరుకు 18 మి.మీ. అయితే సుమారు 12 కిలోలు, 12 మి.మీ. అయితే సుమారు 8 కిలోలు. పెట్టెకు అడుగు చెక్క కూడా అవసరం లేదు, కింద బండి ఫ్లోరే ఉంది.

రెండో పెట్టె 12 మి.మీ. చెక్కతో, అడుగు లేకుండా కట్టాం. తేలికైంది కానీ కంకర రోడ్డు మీద తిప్పి తెచ్చాక ఎడమ వెనక మూలలో రెండు స్క్రూలు చెక్క అంచు నుంచి సగం బయటికి వచ్చేశాయి. వేలితో లాగితే ఊడి వచ్చాయి. మరకు పట్టిన పొడి వాటితో పాటే రాలింది. ప్లైవుడ్ అంచులోకి, అంటే పొరల మధ్యలోకి దిగిన స్క్రూ బరువు ఆపగలదు గానీ గంటల తరబడి అదురుకు ఆగదు. పలక ముఖం మీద పడిన స్క్రూకు ఉన్న పట్టు అంచులో పడినదానికి ఉండదు. గ్లూ ఎంత పోసినా ఆ మూల మళ్లీ కదులుతుంది.

మార్పు: అన్ని మూలల లోపల 25 మి.మీ. అల్యూమినియం యాంగిల్ వేసి, చెక్క ముఖం గుండా ఆరపార ఎం6 బోల్టులు, వెడల్పాటి వాషర్లు, నైలాన్ లాక్ నట్లు బిగించాం. చెక్క, యాంగిల్ కలిపి 24 కిలోలు. మొదటి పెట్టె కంటే 15 తక్కువ.

తర్వాత స్లైడ్ల గొడవ. వెయ్యి మి.మీ. పొడవున్న హెవీ డ్యూటీ స్లైడ్లు, తెరిచినప్పుడూ మూసినప్పుడూ లాక్ పడే రకం. ఒక్కో పక్క 19 మి.మీ. ఖాళీ కావాలి. వర్క్‌బెంచి మీద వేలితో తోస్తే జారిన డ్రాయరు బండిలో బిగించగానే సగంలో పట్టేసింది. కొలిస్తే పెట్టెకూ డ్రాయరుకూ మధ్య ఖాళీ ముందు 19, వెనక 21.5 ఉంది. బండి ఫ్లోరు సమంగా ఉండదు. నాలుగు మూలలా బోల్టు బిగిస్తే ఫ్లోరు వంకర పెట్టెలోకి వస్తుంది.

సరిచేసిన పద్ధతి:

1. నాలుగు బోల్టులూ వదులు చేసి పెట్టెను దాని మానాన నిలబడనివ్వాలి.
2. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవాలి. రెండు కొలతల తేడా 1 మి.మీ. లోపు రావాలి.
3. గాలిలో తేలుతున్న మూల కింద వాషర్లు పేర్చాలి. మాకు వెనక కుడి మూలలో 4 మి.మీ. పట్టింది.
4. బ్రాకెట్‌లో రంధ్రం గుండ్రంగా కాకుండా పొడుగ్గా ఉండాలి. అప్పుడు బోల్టు పెట్టెను పక్కకు లాగదు.
5. డ్రాయరు పూర్తిగా తెరిచి, మూసి, ఆ తర్వాతే బోల్టులు చివరిదాకా బిగించాలి.

ముప్పై కిలోలు వేసి పూర్తిగా బయటికి లాగితే ముందు అంచు 14 మి.మీ. వంగింది. ఆ పొడవు స్లైడ్‌కు అది మామూలే. డోరు సీలుకు తగలకుండా మొదటే పెట్టెను 20 మి.మీ. ఎత్తులో పెట్టుకోవాలి.

బిగింపు గురించి కాస్త గట్టిగా చెప్పాలి. గంటకు 50 కి.మీ. వేగం అంటే సెకనుకు 13.9 మీటర్లు. బండి గుద్దుకుని అర మీటరులో ఆగితే లోపలి వస్తువు మీద దాని బరువుకు ఇరవై రెట్ల బలం పడుతుంది. సామానుతో కలిపి 40 కిలోల ఫ్రిజ్ ఆ క్షణంలో 800 కిలోల బలంతో పిల్లల సీటు వైపు వస్తుంది. ఫ్లోరు రేకులోకి సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు దింపి ఊరుకోవడం దీనికి సరిపోదు. పైగా ఆ రేకు కింద ఇంధనం ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఉండొచ్చు. మేము మూడో వరస సీటు బోల్టులు ఉన్న మరలనే వాడాం. అవి సీటూ మనిషీ కలిసిన బరువుకు తగ్గట్టు చేసినవి. 4 మి.మీ. ఇనుప బ్రాకెట్లు, పాత సీటు బోల్టుల గ్రేడే ఉన్న కొత్త బోల్టులు. ఫ్రిజ్‌కు ట్రే మీదుగా రెండు పట్టీలు వేశాం. వాటి కొక్కేలు డిక్కీలో కంపెనీ ఇచ్చిన రింగులకు తగిలిస్తాం.

డ్రాయరు స్లైడ్లు, ఫ్రిజ్ ట్రే కలిపి 20 కిలోలు. బ్రాకెట్లు, బోల్టులు 4.

ఇప్పటిదాకా: +2 కిలోలు.

3వ దశ: కేబుళ్లు

ఫ్రిజ్‌ను మొదట డిక్కీలో కంపెనీ ఇచ్చిన సిగరెట్ లైటర్ సాకెట్‌కే పెట్టి చూశాం. కాసేపు నడిచి ఆగిపోయేది, లోపల తక్కువ వోల్టేజీ లైటు వెలిగేది. బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 12.6 చూపిస్తుంటే, కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ప్లగ్గు దగ్గర 11.5 మాత్రమే ఉంది. ఐదు ఆంపియర్లకే 1.1 వోల్టు దారిలో పోతోంది. ప్లగ్గు చేత్తో పట్టుకుంటే వేడి. సన్నని తీగ ఒక కారణం, స్ప్రింగు పట్టుతో మాత్రమే ఆనుకునే ప్లగ్గు ఇంకో కారణం. గతుకుల్లో అది కదిలినప్పుడల్లా కంప్రెసర్ మళ్లీ మొదటినుంచి స్టార్ట్ అవుతుంది. స్టార్టింగులో ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు వోల్టేజీ ఇంకా పడుతుంది. ఆ సాకెట్ ఫోన్ చార్జింగ్‌కు పనికొస్తుంది, ఫ్రిజ్‌కు కాదు.

రెండో బ్యాటరీకి ఇంజిన్ వైపు నుంచి కేబుల్ లాగాలి. దారి పొడవు 6 మీటర్లు. ఏ మందం కావాలో సులువుగా లెక్క కట్టొచ్చు: మీటర్లలో పొడవును 0.0175తో గుణించి, కేబుల్ మందంతో (లోపలి రాగి అడ్డకోత వైశాల్యం, చదరపు మి.మీ.లలో) భాగిస్తే రెసిస్టెన్స్ ఓమ్‌లలో వస్తుంది. దాన్ని ఆంపియర్లతో గుణిస్తే పోయే వోల్టేజీ. రెండో బ్యాటరీని నింపే చార్జర్ (దాని సంగతి 4వ దశలో) పూర్తి లోడు మీద లాగే 36 ఆంపియర్ల దగ్గర, ప్లస్ వైపు కేబుల్‌కు:

- 6 చదరపు మి.మీ.: 0.63 వోల్టు
- 10 చదరపు మి.మీ.: 0.38 వోల్టు
- 16 చదరపు మి.మీ.: 0.24 వోల్టు

16 తెచ్చి వేశాం. చార్జర్ పూర్తి లోడు మీద నడుస్తుండగా రెండు చివరల మధ్య కొలిస్తే 0.52 వచ్చింది. లెక్కకు రెట్టింపు. లగ్గులు (కేబుల్ చివర తొడిగే లోహపు కొనలు) మళ్లీ క్రింప్ చేశాం, అంటే నొక్కి బిగించాం. ఫ్యూజ్ హోల్డర్ మార్చాం. అంకె కదల్లేదు. అప్పుడు మిగిలిన ముక్కలోంచి 10 సెం.మీ. తొడుగు ఒలిచి, లోపలి తీగలను గ్రాముల కాంటా మీద పెట్టాం. రాగి అయితే 14 గ్రాములు ఉండాలి, నాలుగే ఉన్నాయి. ఒక తీగను బ్లేడుతో గీకితే పైన ఎర్రగా, లోపల తెల్లగా కనిపించింది. అల్యూమినియం మీద రాగి పూత. రాగి కంటే దాని రెసిస్టెన్స్ సుమారు 1.6 రెట్లు. పైగా తొడుగు మందంగా పోసి లోపల తీగ తగ్గించారు. ఆ అంకెల ప్రకారం అసలు మందం 11, 12 మధ్యలో ఉంటుంది.

కేబుల్ కొనేటప్పుడు ఒక చిన్న ముక్క ఒలిచి గీకి చూడండి. చూడనివ్వకపోతే ఇంకోచోట కొనండి. పూత కేబుల్ విరిగేదీ, లగ్గు దగ్గర వదులయ్యేదీ, వేడెక్కేదీ కార్పెట్ కింద. అది పిల్లల కాళ్ల దగ్గర ఉంటుంది. రాగి కేబుల్ వేశాక అదే లోడు మీద 0.27 వచ్చింది.

లాగిన క్రమం:

1. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి.
2. ఇంజిన్ బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే 60 ఆంపియర్ల బోల్టు ఫ్యూజు.
3. రెండో బ్యాటరీ దగ్గర కూడా అలాగే ఇంకో ఫ్యూజు. ఈ కేబుల్‌కు రెండు చివరలా బ్యాటరీలే ఉన్నాయి. మధ్యలో ఎక్కడ నలిగి షార్ట్ అయినా రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది.
4. రేకు గుండా వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్, పొడవునా ముడతల పైపు తొడుగు. సైలెన్సర్ గొట్టానికి, ఇంధనం పైపులకు దూరంగా.
5. లగ్గులకు షడ్భుజి డైతో హైడ్రాలిక్ క్రింపింగ్, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్. సుత్తితో కొట్టి చేసిన క్రింపు వద్దు.
6. ఎర్త్ కేబుల్ ఛాసిస్ బోల్టుకు, రంగు గీకి బిగించాలి. నెగటివ్ టెర్మినల్ మీద కరెంటు సెన్సార్ ఉన్న బండ్లలో నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కు తగిలించకూడదు. అలా చేస్తే సెన్సార్‌ను దాటి కరెంటు పోతుంది, బండి కంప్యూటర్ లెక్క తప్పుతుంది.

ఫ్రిజ్‌కు రెండో బ్యాటరీ నుంచి 6 చదరపు మి.మీ. తీగ విడిగా, 15 ఆంపియర్ల ఫ్యూజుతో వేశాం. చివర గట్టిగా పట్టే ఆండర్సన్ రకం ప్లగ్గు. కంప్రెసర్ నడుస్తుండగా పోయే వోల్టేజీ ఇప్పుడు 0.1 లోపే.

4వ దశ: బ్యాటరీ, చార్జర్, ఫ్రిజ్

బ్యాటరీ 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 12.8 వోల్టుల లెక్కన 1,280 వాట్ అవర్లు, బరువు 11.5 కిలోలు. అదే అంకె రాసి ఉన్న లెడ్ బ్యాటరీ దానికి రెండింతలకు పైగా బరువు ఉంటుంది, పైగా ఎక్కువ కాలం నిలవాలంటే సగం వరకే వాడుకోవాలి. బరువు లెక్క పెట్టుకున్న ప్రాజెక్టులో ఇక్కడ ఆలోచించడానికి ఏమీ లేదు. దీన్ని ఇంజిన్ గదిలో పెట్టకూడదు, ఆ వేడి దీనికి పడదు. సున్నా డిగ్రీల కింద చార్జింగ్ కూడా చేయకూడదు. చలి ప్రాంతాలకు వెళ్లేవాళ్లు ఆ చలికి చార్జింగ్ ఆపేసే బోర్డు ఉందో లేదో చూసి తీసుకోవాలి.

రెండు బ్యాటరీల మధ్య మామూలు రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) వేసి వదిలేయవచ్చని చాలామంది అంటారు. ఇప్పటి బండ్లలో ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) వోల్టేజీ స్థిరంగా ఉండదు, ఇంధనం ఆదా కోసం కంప్యూటర్ దాన్ని ఒక్కోసారి 12.5 దగ్గరికి దించేస్తుంది. ఆ వోల్టేజీకి లిథియం బ్యాటరీ నిండదు. ఇంకో వైపు, ఖాళీ లిథియం బ్యాటరీ నేరుగా తగిలితే ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగేస్తుంది. ట్రాఫిక్‌లో ఐడిల్ మీద ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకని, ఇంజిన్ వైపు వోల్టేజీ మారినా రెండో బ్యాటరీకి కావలసిన వోల్టేజీని, హద్దులో కరెంటును ఇచ్చే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసేలా ఇగ్నిషన్ తీగ కలిపాం.

చార్జర్‌ను మొదట డిక్కీ పక్క ప్లాస్టిక్ ప్యానెల్ వెనక దాచాం. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. అరగంట నడిపాక చార్జింగ్ 30 నుంచి 17 ఆంపియర్లకు పడిపోయింది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూస్తే పై కవచం 74 డిగ్రీలు. చార్జర్ 400 వాట్లకు పైగా పంపుతూ దాదాపు 45 వాట్లు వేడిగా వదులుతుంది. గాలి ఆడని చోట ఆ వేడికి పోయే దారి లేక, తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తగ్గించుకుంటుంది. ప్యానెల్ బయటికి తెచ్చి, 3 మి.మీ. అల్యూమినియం పలక మీద రెక్కలు నిలువుగా ఉండేలా బిగించి, వెనక 20 మి.మీ. ఖాళీ వదిలాం. 45 డిగ్రీలకు తిరిగే 80 మి.మీ. ఫ్యాను ఒకటి. ఇప్పుడు ఎండలో కూడా 29 ఆంపియర్లు నిలబడుతున్నాయి.

బ్యాటరీ, చార్జర్, కేబుళ్లు, ఫ్యూజులు, పెట్టె కలిపి 19 కిలోలు. 45 లీటర్ల ఫ్రిజ్ ఖాళీగా 19.

ఇప్పటిదాకా: +40 కిలోలు.

ఫ్రిజ్ రోజుకు ఎంత తింటుందో షంట్ మీటరుతో (పోయిన కరెంటును కూడుతూ పోయే మీటరు) 24 గంటల లెక్క తీశాం:

- నీడలో, కిటికీలు కాస్త తెరిచి: 410 వాట్ అవర్లు
- ఎండలో మూసిన బండిలో: 780
- ఎండలోనే, అద్దాలకు వెండి రేకు తెరలు, ఫ్రిజ్‌కు ఇన్సులేషన్ తొడుగు, గాలి వదిలే జాలీ ముందు 5 సెం.మీ. ఖాళీ: 560

తొడుగు కంటే జాలీ ముందు ఖాళీయే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. ఎందుకంటే తొడుగు ఒక్కటే వేసినప్పుడు అంకె పెద్దగా తగ్గలేదు, బ్యాగులు పక్కకు జరిపాకే తగ్గింది. ఫ్రిజ్ పక్కన సంచి కుక్కేసే అలవాటు ఎవరికైనా ఉంటుంది. అందుకే ఆ ఖాళీలో సామాను పడకుండా ఒక అల్యూమినియం కడ్డీ అడ్డం పెట్టాం.

రోజు మొత్తం ఖర్చు: ఫ్రిజ్ 560, చిన్న ఫ్యాను 12 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 96, ఫోన్లు, ల్యాప్‌టాప్ 120, లైట్లు 30. మొత్తం 806 వాట్ అవర్లు. బ్యాటరీలో 20 శాతం మిగిలేదాకా వాడితే 1,024 వస్తాయి, అంటే ఒక రోజూ పావు. బండి నడుస్తున్నప్పుడు గంటకు దాదాపు 400 వెనక్కి వస్తాయి. రెండు గంటల డ్రైవింగుకు రోజు ఖర్చు పూడిపోతుంది. రోజూ కదిలే ప్రయాణాలు కాబట్టి సోలార్ పెట్టలేదు. ఒకేచోట రెండు మూడు రోజులు ఆగేవాళ్లకు అది కావాలి. అలాంటివాళ్లు టాప్ మీద బిగించేదాని కంటే, బండిని నీడలో పెట్టి ఎండలో పరుచుకునే మడత ప్యానెల్ తీసుకుంటే ఫ్రిజ్ ఖర్చు కూడా తగ్గుతుంది. ఇన్వర్టర్ కూడా వేయలేదు. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ-సీ మీదే చార్జ్ అవుతుంది.

5వ దశ: టాప్

మా బండి టాప్ పరిమితి, నడుస్తున్నప్పుడు, 100 కిలోలు. ఇందులో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుంది. ఇనుప బుట్ట క్యారియర్ 31 కిలోలు తూగింది. దాని మీద 60 కిలోల టెంట్ పెడితే అంకెల ప్రకారం పరిమితి లోపలే. అయినా వద్దనుకున్నాం. ఆ 91 కిలోలు బండిలో అన్నిటికంటే ఎత్తులో ఉంటాయి, ఘాటు మలుపుల్లో బండి ఒరుగుతుంది. ఖాళీ బుట్టతో తిప్పి చూసినా, గంటకు 90 దగ్గర మైలేజీ 11.8 నుంచి 10.6కు పడింది. ముందు అద్దం మీద హోరు వేరే.

బుట్ట తీసేసి రెండు అల్యూమినియం అడ్డ బార్లు (6 కిలోలు), పక్కకు విప్పే పందిరి గుడ్డ (9 కిలోలు) ఉంచాం. గుడ్డకు గాలి తగిలినప్పుడు బ్రాకెట్ దగ్గర కిర్రుమనే శబ్దం వచ్చింది. బోల్టుల మీద పెయింట్ పెన్నుతో గీత గీసి పెట్టాం. గీత తప్పితే బోల్టు కదిలినట్టే, చూడగానే తెలుస్తుంది.

ఇప్పటిదాకా: +55 కిలోలు.

6వ దశ: వెనక సీటు

రెండు యూఎస్‌బీ-సీ పాయింట్లు, కిటికీ తెరలు, ఫ్యాను. 3 కిలోలు. తెరల్ని పై పిల్లరు లైనింగుకు బిగించొద్దు, కర్టెన్ ఎయిర్‌బ్యాగు అక్కడి నుంచే తెరుచుకుంటుంది. గాజుకు అంటుకునే రకం వాడాం.

ఇప్పటిదాకా: +58 కిలోలు.

7వ దశ: నిండు లోడుతో కాంటా, సస్పెన్షన్, టైర్లు

నలుగురం కూర్చుని, ప్రయాణానికి పెట్టుకునే సామానంతా సర్దుకుని మళ్లీ కాంటా ఎక్కాం. మొత్తం 2,750, ముందు 1,190, వెనక 1,560. రాసుకున్న లెక్కకు తూకం సరిగ్గానే సరిపోయింది. ఆ కాంటా పది కిలోల గుణిజాల్లోనే చూపిస్తుంది.

అయితే 440 కిలోలు ఎక్కినా ముందు యాక్సిల్ మీద ఒక్క కిలో పెరగలేదు. డిక్కీ డోరు పక్కనే నీళ్ల క్యాన్లు ఉన్నాయి. వెనక యాక్సిల్‌కు 800 మి.మీ. వెనక 40 కిలోలు పెడితే, 2,800 మి.మీ. వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) ఉన్న బండిలో వెనక యాక్సిల్ మీద 51 కిలోలు పడతాయి, ముందు నుంచి 11 లేస్తాయి. స్టీరింగ్ తేలికవడానికి, తడి రోడ్డు మీద ముందు చక్రాల పట్టు తగ్గడానికి ఇదే కారణం. క్యాన్లను ముందు సీట్ల వెనక, పిల్లల కాళ్ల దగ్గరికి మార్చి పట్టీలు వేశాం. అదే 40 కిలోలు ఇప్పుడు వెనక 29, ముందు 11. మళ్లీ తూకం: ముందు 1,210, వెనక 1,540. ఒక్క కిలో తీయకుండా వెనక యాక్సిల్ 20 తగ్గింది.

ఎత్తు కొలత: చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా. వెనక ఖాళీగా 540 మి.మీ., లోడుతో 488. ముందు 525 నుంచి 529. అంటే ముక్కు పైకి లేచింది. వీల్‌బేస్‌తో లెక్క కడితే 25 మీటర్ల దూరంలో హెడ్‌లైటు వెలుగు అర మీటరు పైకి పోతుంది, ఎదుటి బండి డ్రైవరు కళ్లలోకి.

మొదట ఎప్పుడూ 300 కిలోల లోడు ఉండే బండ్లకు చేసిన గట్టి స్ప్రింగులు వేసి చూశాం. లోడుతో బాగున్నాయి, ఖాళీగా ఉన్నప్పుడు వెనక సీటులో వెన్ను అదిరిపోయేది. ఈ బండి వారంలో ఎక్కువ రోజులు ఖాళీగానే తిరుగుతుంది. పాత స్ప్రింగులు తిరిగి వేసి, వాటి లోపల కూర్చునే గాలి బుడ్డీలు పెట్టాం.

1. ఒక్కో బుడ్డీకి గాలి గొట్టం విడిగా ఉండాలి. రెండూ ఒకే టీ జాయింటుకు కలిపితే మలుపులో బరువు పడిన వైపు నుంచి గాలి అవతలి వైపుకు పోయి బండి ఇంకా ఒరుగుతుంది. కిట్‌తో వచ్చిన టీ మేము వాడలేదు.
2. గొట్టం సైలెన్సర్‌కు దూరంగా, యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కూడా లాగుకోకుండా.
3. ఖాళీగా 5 పీఎస్ఐ. పూర్తిగా సున్నా చేస్తే బుడ్డీ స్ప్రింగు చుట్ల మధ్య నలుగుతుంది.
4. లోడుతో 18 పీఎస్ఐ.

ఎడమ గొట్టం ఒక బ్రాకెట్ అంచుకు రాసుకుని సూదిమొన అంత కన్నం పడింది. సబ్బు నీళ్లు పోస్తే బుడగ కనిపించింది. ఆ అంచుకు చీల్చిన రబ్బరు పైపు తొడిగి, గొట్టం మార్చాం. ఇప్పుడు లోడుతో వెనక ఎత్తు 516. మిగిలిన వంపు హెడ్‌లైటు సర్దే చక్రంతో సరిపోతోంది. గాలి బుడ్డీ ఎత్తును సరిచేస్తుంది, అంతే. స్టిక్కరు మీద 2,900 అలాగే ఉంటుంది.

టైర్ల లోడ్ ఇండెక్స్ 112, అంటే ఒక్కోటి 1,120 కిలోలు మోయగలదు. వెనక యాక్సిల్ పరిమితికి ఇది చాలినంత. ప్రెషర్ మాత్రం మార్చాలి. ఖాళీ బండికి రాసిన 33 పీఎస్ఐతో లోడు మీద గంట నడిపితే 41కి చేరింది. ఎనిమిది పెరిగిందంటే టైరు పక్క గోడ ఎక్కువగా నలుగుతూ వేడెక్కుతోందని అర్థం. నిండు లోడుకు స్టిక్కరు చెప్పిన 38తో మొదలుపెడితే 42 దగ్గర ఆగింది. ప్రెషర్ ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి.

ఇప్పటిదాకా: +60 కిలోలు. ఖాళీ బండి తూకం 2,370. నిండు లోడుతో, బుడ్డీలు కూడా కలిపి, గరిష్ఠానికి ఇంకా సుమారు 150 ఖాళీ.

8వ దశ: దుమ్ము

మట్టి రోడ్డు తర్వాత డ్రాయరు నిండా సన్నని దుమ్ము. డోరు సీలుకు సుద్దపొడి రాసి మూసి తెరిస్తే, కింద ఎడమ మూలలో బెత్తెడు మేర సుద్ద అంటలేదు. అక్కడ సీలు ఆనడం లేదు. డోరు తాళం కొక్కేన్ని 2 మి.మీ. లోపలికి జరిపాం. అయినా కొంత వస్తూనే ఉంది. వెనక బంపరు లోపల, క్యాబిన్ గాలి బయటికి పోవడానికి రబ్బరు రెక్కలున్న కిటికీలు ఉంటాయి. నడుస్తున్న బండి వెనక దుమ్ము సుడి తిరుగుతుంది, లోపలి గాలి ఒత్తిడి తక్కువైతే ఆ రెక్కల సందుల్లోంచి లోపలికి వస్తుంది. వాటిని మూసేస్తే డోర్లు సరిగ్గా పడవు, అద్దాలు మంచు పడతాయి. ఏసీని లోపలి గాలి తిప్పే మోడ్ నుంచి బయటి గాలి మోడ్‌కు మార్చి, ఫ్యాను ఒక మెట్టు పెంచితే లోపలి ఒత్తిడి కాస్త పెరుగుతుంది. అదే రోడ్డు మీద తేడా స్పష్టంగా కనిపించింది. ఎదురుగా లారీ దాటుతున్నప్పుడు మాత్రం ఒక నిమిషం లోపలి మోడ్‌లో పెడుతున్నాం. బయటి గాలి మోడ్ వల్ల ఏసీ గాలి ఫిల్టరు త్వరగా నిండుతుంది, ఒకటి అదనంగా డ్రాయరులో ఉంటోంది.

మిగిలిన పనులు: డ్రాయరు ముఖానికి చుట్టూ రబ్బరు పట్టీ, కుడి ఎం6 బోల్టుల్లో గీత తప్పిన రెండింటికి మర జిగురు, రెండో బ్యాటరీ పెట్టెకు పక్క గాలి కంతలు. పట్టీ వేశాక డ్రాయరు పక్క ఖాళీ 19 మి.మీ. తగ్గకుండా ఉందో లేదో మళ్లీ కొలవాలి.